కాలు జారితే చెయ్యి విరిగింది!

గుడిమల్కాపూర్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పూల మార్కెట్‌కి దగ్గర్లోనే ఇల్లట. వాళ్ళత్తగారు, 58 ఏళ్ళావిడ, బాత్‌రూంలో కాలు జారి చెయ్యి నేలకి ఆన్చారు. అంతే! మణికట్టు విరిగింది. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు "ఎముకలు గుల్లబారాయమ్మా" అన్నారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి కోడలికి దిగులు పట్టుకుంది. "నాకు 38 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం గర్భసంచి తీసేశారు. అస్తమానం నడుం నొప్పి. నాకూ ఇలాగే అవుతుందా అండీ?" అని అడిగారు.

అత్తగారి సంగతి కంటే ముందు మీ సంగతే మాట్లాడుకుందాం. బీరువా తెరిచి ఆ ఆపరేషన్ కాగితాలు వెతకండి. గర్భసంచి ఒక్కటే తీశారా, దాంతోపాటు అండాశయాలు కూడా తీసేశారా? చాలామంది ఆడవాళ్ళకి ఈ సంగతే తెలియదు. "అన్నీ తీసేశారు, ఇక ఏ బాధా లేదు" అనుకుని ఊరుకుంటారు. ఎముకలకి కాపలా కాసే ఈస్ట్రోజెన్ హార్మోను తయారయ్యేది అండాశయాల్లో. అవి పోతే 36 ఏళ్ళకే ముట్లుడిగినట్టు లెక్క. ఉంచినా సరే, కొందరిలో అవి ఒకటి రెండేళ్ళు ముందే పని మానేస్తాయి. బహిష్టు ఎలాగూ రాదు కాబట్టి ఆ సంగతి అంత తేలిగ్గా తెలియదు.

ఇది మీ ఒక్కరి కథ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎనిమిది మందికి పైనే ఉన్నారు. తెల్లబట్టకి, నడుం నొప్పికి కూడా "తీయించేసుకుంటే పోలా" అనే సలహా మనకి ఎంత సులువుగా దొరుకుతుందో మీకు తెలియనిది కాదు. కాన్సర్ లాంటి గట్టి కారణం ఉంటే సరే. లేకపోతే "అండాశయాలు ఎందుకు తీస్తున్నారు డాక్టరుగారూ?" అని అడగడానికి మొహమాటపడకండి. ఇప్పటికే తీసేసి ఉంటే, మామూలుగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా హార్మోను మాత్రలు వాడొచ్చేమో గైనకాలజిస్టుని కనుక్కోండి. అందరికీ పనికిరావు గానీ, మీ వయసువాళ్ళలో చాలామందికి ఇస్తారు.

అసలు ఎముక అంటే ఏదో ఎండుకర్ర అనుకుంటాం కదూ? అది నిత్యం అరుగుతూ, నిత్యం పూడుతూ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు వచ్చేసరికి ఎంత గట్టిపడాలో అంతా గట్టిపడిపోతుంది. ఆ తర్వాత మెల్లిగా ఖర్చే. బహిష్టులు ఆగిన మొదటి అయిదారేళ్ళలో ఆ ఖర్చు మరీ ఎక్కువ. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే ఆగిపోతాయి. చెదపట్టిన ద్వారబంధం చూశారా? పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. ఆస్టియోపొరోసిస్ కూడా అంతే, విరిగేదాకా నొప్పే ఉండదు. కాబట్టి మీ నడుం నొప్పికి కారణం వేరే ఉండొచ్చు, చూపించుకోండి.

మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్నగారి బృందం, తక్కువ ఆదాయం గల ఇళ్ళలోని 30 నుంచి 60 ఏళ్ళ స్త్రీలు 289 మందిని పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రచురించింది. తుంటి దగ్గర ఎముక చూస్తే సుమారు 29 శాతం మందికి ఆస్టియోపొరోసిస్ ఉంది. వాళ్ళ తిండిలో కాల్షియం ఎంతో తెలుసా? రోజుకి 270 మిల్లీగ్రాములు. ఆడవాళ్ళకి 1000, బహిష్టు ఆగినవాళ్ళకి 1200 కావాలని అదే సంస్థ 2020లో చెప్పింది.

డబ్బులేని ఇళ్ళ సంగతి కదా అనకండి. ఉన్న ఇళ్ళలో మాత్రం పాలు ఎవరు తాగుతున్నారు? పిల్లలకి గ్లాసు, ఆయనకి కాఫీ, మావగారికి పెరుగు. మనకి మిగిలేది గిన్నె కడిగినట్టుండే మజ్జిగ!

లెక్క వేద్దాం. రెండు గ్లాసులు, అంటే 400 మిల్లీలీటర్ల పాలో పెరుగో అయితే 480 దాకా వస్తుంది. 50 గ్రాముల రాగిపిండితో సంకటో జావో చేసుకుంటే 180. వంద గ్రాముల తోటకూరో మునగాకో వండితే 300 పైచిలుకు. వెయ్యికి దగ్గరపడ్డాం, చూశారా? ఆకుకూరల్లోని కాల్షియమంతా ఒంటికి పట్టదు, పాలకూరది మరీ తక్కువ. అందుకే నువ్వులపొడి ఒక చెంచా కలుపుకోండి. మీకేం, గుమ్మం దిగితే మార్కెట్టే కదా!

దీనికి తోడు ఎండ ఉండాలి. విటమిన్ డి లేనిదే తిన్న కాల్షియం పట్టదు. లేత ఎండ మంచిదంటాం గానీ, తిరుపతిలో చేసిన పరిశోధనల ప్రకారం పదకొండు నుంచి రెండు లోపు ఎండలోనే అది బాగా తయారవుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు. మేడ మీద వడియాలు పెట్టే రోజులే నయం. ఎప్పుడూ ఒళ్ళంతా కప్పుకుని తిరిగేవాళ్ళు, ఇల్లు కదలనివాళ్ళు రక్తపరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పినన్ని వారాలే పొడి ప్యాకెట్లు వాడాలి. పక్కింటావిడ వాడుతోందని నెలల తరబడి మింగితే ప్రమాదం. కాల్షియం మాత్రా ఐరన్ మాత్రా ఒకేసారి వేసుకోకండి.

కీళ్ళనొప్పులకీ ఆయాసానికీ నెలల కొద్దీ స్టిరాయిడ్లు వాడేవాళ్ళూ, థైరాయిడ్ మాత్ర మోతాదు మించి వేసుకునేవాళ్ళూ, మరీ బక్కపలచగా ఉన్నవాళ్ళూ, తల్లికి తుంటి విరిగినవాళ్ళూ ముందే జాగ్రత్తపడాలి. ఇంటిపని చేస్తున్నాంగా అనుకోకుండా రోజూ అరగంట చురుగ్గా నడవండి.

ఇక అత్తగారి సంగతి. కట్టు కట్టించి ఇంటికి తెచ్చేస్తే సరిపోదమ్మా. మణికట్టు విరిగిందంటే, తర్వాత తుంటి విరగొచ్చని హెచ్చరిక. డెక్సా స్కాన్ చేయించండి. టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకి గానీ ఉంటే మందులు తప్పవు. వాటిని మధ్యలో మీ అంతట మీరు ఆపకండి. క్యాంపుల్లో మడమ మీద పెట్టి చూసే మిషన్ చాలదు. ఈలోగా బాత్‌రూంలో పట్టుకోవడానికి గోడకి ఒక కమ్మీ బిగించి, రాత్రిళ్ళు లైటు వెలిగేలా చూడండి. తడి తుడిచాకే ఆవిణ్ణి లోపలికి వెళ్ళనివ్వండి. మీ ఆపరేషన్ కాగితంలో ఏం రాసి ఉందో మళ్ళీ ఉత్తరం రాస్తారు కదూ?