సహ ప్రతివాది మీద క్లెయిము అగ్రిమెంటులోనే ఉంది

1926లో పూనాలో ఒక పరువు నష్టం కేసు అప్పీలుకు వచ్చింది. 'దేశాచే దుష్మన్' అనే మరాఠీ పుస్తకం తిలక్‌నీ, చిప్లూణ్‌కర్‌నీ దుమ్మెత్తిపోసిందని అభియోగం. రాసిన దినకరరావు జవళ్కర్‌కూ, ప్రచురించిన కేశవరావు జేధేకూ, వాళ్ళతోపాటు బాగ్డేకూ కింది కోర్టు శిక్ష వేసింది. అప్పీలులో ఈ బ్రాహ్మణేతర నాయకుల తరఫున వాదించి గెలిపించింది డాక్టర్ అంబేడ్కర్. రచయితకూ, ప్రచురణకర్తకూ వకీలు ఒక్కరే.

అది క్రిమినల్ కేసు, నేను మాట్లాడబోయేది సివిల్ దావాల గురించి. కానీ ఆ ఒక్క వకీలు సంగతి గుర్తుపెట్టుకోండి. ఇవాళ రచయితా, పబ్లిషరూ ఒకే దావాలో ప్రతివాదులైతే, లాయర్లు చెప్పే మొదటి సలహా 'తప్పు అవతలివాడి మీదికి తోసెయ్' అనే. ఈ సలహాను జాగ్రత్త అంటున్నారు. నేను దీన్ని వాదికి ఉచితంగా చేసిపెట్టే పని అంటాను.

సివిల్ దావాలో ఆ తోసెయ్యడానికి ఉన్న పద్ధతి పేరు క్రాస్ క్లెయిమ్. 'వాదికి నేను డబ్బు కట్టాల్సి వస్తే అది ఇతను కట్టాలి' అని ఒక ప్రతివాది ఇంకొక ప్రతివాది మీద అదే దావాలో పెట్టే క్లెయిము. అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్‌లో రూల్ 13(జి) దీనికి దారి ఇస్తుంది. అందులో రెండు విషయాలు చూడాలి. క్రాస్ క్లెయిమ్ వేసి తీరాలని ఆ రూలు అనదు, వేయవచ్చు అంటుంది. సహ ప్రతివాది బాధ్యుడు అని ఖాయంగా చెప్పక్కర్లేదు, బాధ్యుడు కావచ్చు అన్నా చాలు.

డ్రాఫ్టింగ్ అంతా ఆ 'కావచ్చు'లో ఉంది. 'రచయిత మాకు అబద్ధపు సమాచారం ఇచ్చాడు' అని పబ్లిషర్ రాశాడంటే, వాది రుజువు చేయాల్సిన అసలు విషయాన్ని ప్రతివాదే రాసిచ్చినట్టు. చట్టప్రకారం ఒక ప్రతివాది ఒప్పుకోలు మరొకరిని కట్టిపడేయదు. కానీ వాది లాయరు ఆ కాగితాన్ని ప్రతి వాయిదాలోనూ ఊపుతాడు. రాయాల్సింది ఇంతే: 'వాది ఆరోపణలన్నిటినీ ఈ ప్రతివాది తోసిపుచ్చుతున్నాడు. అయినా ఏదైనా బాధ్యత ఉందని కోర్టు తేల్చిన పక్షంలో మాత్రమే, ఫలానా ఒప్పందం ప్రకారం ఫలానా ప్రతివాది తన వాటా భరించాలి.' అబద్ధం, మోసం, దురుద్దేశం అనే మాటలు అందులోకి రాకూడదు. 'ఆ వాక్యం నాది కాదు, నాది ఇది' అని చెప్పుకోవడం వేరు. అది క్రాస్ క్లెయిమ్ కాదు, ఎవరి జవాబు వాళ్ళు చెప్పుకోవడం.

2021లో హిందూ అమెరికన్ ఫౌండేషన్ వాషింగ్టన్ డీసీ ఫెడరల్ కోర్టులో ఐదుగురి మీద వేసిన దావా చూడండి. ప్రతివాదుల్లో చరిత్రకారిణి ఆడ్రీ ట్రష్కీ ఉన్నారు, హిందూస్ ఫర్ హ్యూమన్ రైట్స్ వ్యవస్థాపకులు ఉన్నారు, ముస్లిం, క్రైస్తవ సంస్థల వాళ్ళు ఉన్నారు. పరువు నష్టంతోపాటు కుట్ర ఆరోపణ కూడా చేశారు. జడ్జి అమిత్ మెహతా 2022 డిసెంబరులో దావా కొట్టేశారు. కుట్ర అని ఆరోపించిన చోట 'ఆమే చేసింది, ఆయనే చేయించాడు' అని ప్రతివాదులే ఒకరిమీద ఒకరు రాసుకుంటే వాదికి అంతకన్నా కావాల్సిందేముంది?

మన దేశానికొస్తే ఈ దారే లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8, రూల్ 6-ఏ కింద కౌంటర్ క్లెయిమ్ వాది మీద వేసేది. కేవలం సహ ప్రతివాది మీద అది చెల్లదని రోహిత్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఇక్కడ రచయితను వదిలేయడం కోర్టు బయటే జరుగుతుంది. 2014లో ప్రఫుల్ పటేల్ కేసు వేశాక బ్లూమ్స్‌బరీ 'ది డిసెంట్ ఆఫ్ ఎయిర్ ఇండియా'ను వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. రచయిత జితేందర్ భార్గవ చెప్పలేదు. 2017లోనైతే దావా కూడా పడలేదు. అదానీ లాయర్ల నోటీసు అందగానే ఈపీడబ్ల్యూను నడిపే సమీక్షా ట్రస్టు వ్యాసం తీసేయమంది, ఎడిటర్ పరంజయ్ గుహ ఠాకుర్తా రాజీనామా చేశారు. పేరున్నవాళ్ళ గతే ఇది.

మన స్కాలర్ల సంగతి ఏమిటి? నెలకు 37,000 జేఆర్‌ఎఫ్, అదీ సమయానికి పడితే. కులం మీద రాసిన థీసిస్ పుస్తకంగా వస్తుందన్న సంతోషంలో అగ్రిమెంటు మీద సంతకం పెడతాం. నాకొచ్చిన ఒక అగ్రిమెంటులో ఇండెమ్నిటీ క్లాజు నాలుగు లైన్లుంది. ఎవరైనా దావా వేస్తే నష్టం, లాయరు ఫీజు, రాజీ సొమ్ము అన్నీ రచయితే భరించాలి. రాజీ పడేముందు రచయితను అడగాలని మాత్రం ఎక్కడా లేదు. అంటే పబ్లిషర్ క్షమాపణ చెప్తాడు, ఖర్చు దళిత స్కాలర్ కడతాడు. ఇండియాలో క్రాస్ క్లెయిమ్ లేకపోతేనేం, కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 124, 125 ఉన్నాయిగా. ఆ నాలుగు లైన్లు పట్టుకుని వేరే దావా వేయొచ్చు. (మన యూనివర్సిటీల్లో రీసెర్చ్ మెథడాలజీ కోర్సు ఫుట్‌నోట్ ఎలా పెట్టాలో నేర్పుతుంది, అగ్రిమెంటు ఎలా చదవాలో నేర్పదు.)

కాబట్టి పోట్లాట సంతకానికి ముందే పెట్టుకోవాలి. క్లాజు తీసేయమంటే తీసేయరు. కానీ మూడు మార్పులు అడగండి: తుది తీర్పులో కోర్టు తప్పని తేల్చిన వాక్యాలకే రచయిత బాధ్యత, రచయిత రాతపూర్వక అంగీకారం లేకుండా రాజీ గానీ క్షమాపణ గానీ కుదరదు, పబ్లిషర్ సొంత లాయరుతో చదివించి అచ్చేసిన భాగాలకు ఖర్చు పబ్లిషర్‌దే. ఇవ్వనంటే, ఎందుకివ్వరో ఈమెయిల్లో రాయమనండి.