సున్నలో దాగిన సంధి

మన ప్రాచ్య కళాశాలలలో సంధి పాఠం సూత్రంతో మొదలై పదవిభాగంతో ముగుస్తుంది. విద్యార్థి ఆగమ, ఆదేశ, లోపాలను వల్లిస్తాడు. ఆ మార్పులు తన నోటనే ఎట్లా జరుగుతున్నవో ఆలకించడు. సంధిని ముందు చెవికి, తరువాత కంటికి నేర్పవలెనని నా అభిప్రాయం.

వ్రాత ఎంతగా దాచగలదో తెలియడానికి చీనా భాష మంచి నిదర్శనం. అక్కడి లిపిలో పొరుగు ధ్వని సోకి ఉచ్చారణ మారినా అక్షరం మారదు. ప్రామాణిక చీనాలో అర్థభేదకమైన తానాలు నాలుగు. మూడవ తానం గల పదాంశాలు రెండు పక్కపక్కన వస్తే మొదటిది రెండవ తానంలో పలుకబడుతుంది. అందుచేతనే ‘నీ హావ్’ అనే పలకరింపులో, విడిగా మూడవ తానం గల ‘నీ’ ఊర్ధ్వగామి అవుతుంది. రొట్టెకు పేరైన ‘మియెన్ బావ్’ వడిగా పలికినప్పుడు ‘మియెమ్ బావ్’ అని వినవస్తుంది. బకారం తన ముందున్న నకారాన్ని ఓష్ఠ్యం చేసినది. 1958లో ఆమోదం పొందిన పిన్‌యిన్ రోమన్ లేఖనం సైతం ఈ రెండు మార్పులనూ చూపదు.

మన లిపిలోనూ ఇటువంటి మరుగు ఉన్నది. వరంగల్, మంచిర్యాల, హనుమకొండ, మంథని, శంభునిపేట అనే పేర్లలో కనబడేది ఒకే సున్న. పలికేది మాత్రం వరుసగా ఙ, ఞ, ణ, న, మ. అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయంలోని పరసవర్ణవిధి ఇదే. ఊళ్ళ పేర్లు కేకవేసే బస్సు కండక్టరు ఆ విధిని ఏనాడూ తప్పడు.

తెలుగులో ఈ ప్రభావం ఇరుదిక్కులా నడుస్తుంది. ‘హరికి’ అన్నప్పుడు ముందున్న ఇకారం ‘కు’ను ‘కి’గా మార్చినది, చిన్నయసూరి దీనిని సూత్రీకరించినాడు. ‘పులులు’ అన్నచోట వెనుకనున్న ఉకారమే ‘పులి’లోని ఇకారాన్ని తనవైపు లాగుకొన్నది.

ఇంతవరకు వివాదం లేదు. కాని మా ప్రాంతపు విద్యార్థి ‘వచ్చిండు’ అనగానే అది అపభ్రంశమని అంటున్నాము. ‘వచ్చినాడు’లో నకార డకారాల నడిమి అచ్చు లోపించగా, నకారం మూర్ధన్యమైన డకారాన్ని ఆనుకొని ణకారమైనది. ష్టుత్వమన్నా, అనుస్వార పరసవర్ణ క్రమమన్నా ఫలితం ఒక్కటే. సంస్కృత తరగతిలో ‘కుణ్ఠ’ శబ్దాన్ని సాధించి చూపే అధ్యాపకుడే పక్క తరగతిలో ‘వచ్చిండు’ను వికృతి అనడం విచిత్రం. పరీక్షాపత్రంలో ప్రామాణిక రూపాన్ని కోరవచ్చును. ఆ కారణాన ఇంటి పలుకుకు వ్యాకరణం లేదనడం శాస్త్రం కాదు.

పైగా ‘పండ్లు’, ‘ఊర్లు’ అన్న మాటలను చూడండి. తెలంగాణ పలుకులో డకార రేఫలు నిలిచి ఉన్నవి. కోస్తాలో అవి పక్కనున్న లకారంతో కలిసిపోయి ‘పళ్ళు’, ‘ఊళ్ళు’ అయినవి. ఇక్కడ సమీకరణం పొందినది ప్రామాణికమని మనం ఎంచుకొన్న రూపమే! ఒక సమీకరణం శిష్టమూ, మరొకటి గ్రామ్యమూ కావడానికి ధ్వనిశాస్త్రంలో హేతువు లేదు. ఉన్నది ప్రతిష్ఠ మాత్రమే.

మొదటి సంవత్సరపు విద్యార్థి తన ఇంటివారి సంభాషణను పది నిమిషాలు ధ్వనిముద్రణ చేసి, విన్నది విన్నట్లు వ్రాసి, అందులోని సంధులకు సూత్రసమన్వయం చేయడాన్ని అభ్యాసంగా పెట్టవచ్చును. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, చేతిఫోను చాలును. సున్న వచ్చిన ప్రతిచోటా అది ఏ అనునాసికమో అతడు వ్రాసి చూపవలె.