ఊరి పేరుంటే చాలదు

2005 జనవరిలో గచ్చిబౌలి హాకీ స్టేడియంలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది. ఐపీఎల్‌కు మూడేళ్ల ముందే నగరాల పేరిట జట్లు వచ్చాయి. టీవీ ప్రసారం, నాలుగు క్వార్టర్ల ఆట తోడయ్యాయి. తొలి విజేత మన హైదరాబాద్ సుల్తాన్స్. ఆ క్వార్టర్ల పద్ధతిని అంతర్జాతీయ సమాఖ్య 2014లో గానీ చేపట్టలేదు. అంత ముందుచూపుతో పుట్టిన లీగ్ 2008 సీజన్‌తోనే ముగిసింది.

ఆ పతనానికి బీజం మొదటి ఏడాదిలోనే పడింది. మ్యాచ్‌లన్నీ హైదరాబాద్‌లోనే జరిగాయి. జలంధర్ అభిమాని తన జట్టును టీవీలోనే చూసుకోవాల్సి వచ్చింది. 2008 మార్చిలో భారత హాకీ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేకపోయింది. ఏప్రిల్‌లో జట్టు ఎంపికకు లంచం తీసుకున్నారన్న ఆరోపణలు బయటపడి జాతీయ సమాఖ్యే సస్పెండయింది. ఆ సంక్షోభంలో లీగ్‌ను నిలబెట్టుకోవాలని పట్టుబట్టే ఊరు లేకపోయింది.

2012లో రెండు జాతీయ హాకీ సంఘాల ఆధిపత్య పోరు నడుమ వచ్చిన వరల్డ్ సిరీస్ హాకీ ఒక్క సీజన్‌తో సరి. 2013లో మొదలైన హాకీ ఇండియా లీగ్ 2017 తర్వాత ఆగిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ ప్రాణం పోసుకుంది. దీన్నైనా కాపాడుకోవాలి. కానీ ప్రమాద సూచనలు కళ్లెదుటే ఉన్నాయి.

ఆ సీజన్‌లో హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్ దాకా వెళ్లి, 3-4తో ఒక్క గోల్ తేడాతో ఓడింది. విశాఖ పేరిట గోనాసిక జట్టు బరిలోకి దిగింది. మ్యాచ్‌లు మాత్రం రౌర్కెలా, రాంచీలకే పరిమితమయ్యాయి. తెలుగు నేలపై ఒక్కటీ జరగలేదు. నాటి జలంధర్ అభిమానికి పట్టిన గతే నేడు మనకు పట్టింది.

నష్టం అభిమానులతో ఆగదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి గోల్‌కీపర్ రజని ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అలాంటి పిల్లలకు లీగ్ ఒక బతుకుదెరువు. అది ఆగితే ముందుగా కుదేలయ్యేది ఆ ఇళ్లే.

హాకీ ఇండియా ఇప్పుడే మేల్కోవాలి. ప్రతి జట్టూ సొంతూళ్లో కొన్ని మ్యాచ్‌లైనా ఆడాలి. ఆటగాళ్ల పారితోషికం సీజన్‌కు ముందే బ్యాంకులో జమ కావాలి. ఐదేళ్ల షెడ్యూలు ముందే ప్రకటించాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ టర్ఫ్ మైదానాలను సిద్ధంగా ఉంచి, ఈ మ్యాచ్‌లు మాకూ కావాలని గట్టిగా అడగాలి. ఆరంభ శూరత్వానికి ఇప్పటికే రెండు లీగ్‌లను పోగొట్టుకున్నాం. మూడోది చేజారితే, తమ బిడ్డ చేతికి హాకీ స్టిక్ ఇచ్చే ధైర్యం ఏ తల్లిదండ్రులకూ మిగలదు.