నడుము నొప్పి తలవ్రాతయా?

పులివెందుల ప్రాంతపు చీనీ తోటలలో, అరటి తోటలలో బరువులు మోసి నడుము పట్టినవానికి మనవారు చెప్పు ఓదార్పు ఒక్కటే: “మీ నాయనకూ ఇట్లే ఉండె, అది మీ వంశములోనే ఉంది.” ఇందులో సానుభూతి కలదు. చికిత్స కడ్డుపెట్టు గడియయు కలదు.

నేటి శాస్త్రము ఈ మాటను సగమే అంగీకరించుచున్నది. తలిదండ్రులనుండి వచ్చిన జన్యువులు మారవు. కాని వానిపై మిథైల్ అను సూక్ష్మ రసాయన గుర్తులు చేరుచు, తొలగుచు నుండును. గ్రంథమొక్కటే యైనను ఏ పుట తెరువవలెనో, ఏ పుట మూసియుంచవలెనో నిర్ణయించుటలో ఈ గుర్తులకు పాలు గలదు. ఈ విద్యనే ఎపిజెనెటిక్స్ అందురు. మన హైదరాబాదు సి.సి.ఎం.బి. లోను దీనిపై పరిశోధనలు జరుగుచున్నవి. 2014లో లండన్ కింగ్స్ కళాశాలవారు వేడివలని నొప్పిని వేర్వేరుగా ఓర్చుకొను 25 జతల ఏకరూప కవలలను పరీక్షించిరి. కవలల జన్యువులు ఒక్కటే. నొప్పిని గ్రహించుటకు తోడ్పడు టి.ఆర్.పి.ఎ.1 అను జన్యువుపై గుర్తులు మాత్రము వేరుగ నుండెను.

ఆ యేడే స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థవారు ప్రకటించిన ప్రయోగము మాకు మరింత రుచించినది. 23 మంది ఆరోగ్యవంతులు మూడు నెలలపాటు, వారమునకు నాలుగు మారులు, 45 నిమిషముల చొప్పున ఒక్క కాలితోనే వ్యాయామము చేసిరి. దేహమొక్కటి, భోజనమొక్కటి, వంశమొక్కటి. అయినను పనిచేసిన కాలి కండరములో వేలకొలది చోట్ల గుర్తులు మారెను!

వీరు నొప్పితో బాధపడువారు కారు. కావున వ్యాయామము నొప్పి గుర్తులను చెరిపివేయునని చాటుట తొందరపాటు. ‘జన్యువుల గుర్తులు తుడుచు మందు’ అమ్మవచ్చువానిని నమ్మకుడు. కాని దీర్ఘకాలపు నడుము నొప్పికి క్రమమైన వ్యాయామము మేలు చేయునని వైద్యులకు ఇదివరకే తెలియును.

చిక్కు ఇక్కడనే యున్నది. సూదిమందు ఒక్కనాటి పని; వ్యాయామ చికిత్స నెలల తరబడి సాగవలెను. తిరుపతిలో బర్డ్ ఆసుపత్రియు, స్విమ్స్ వారి ఫిజియోథెరపీ కళాశాలయు నున్నవి, సంతోషమే. కాని వారము వారము తిరుపతికి పోగల కూలి యెవడు? పోయిన దినముల కూలి ఎవరిత్తురు? వేముల, లింగాల, తొండూరు, సింహాద్రిపురము మండలముల ఆరోగ్య కేంద్రములకు ఫిజియోథెరపిస్టును వారమున కొక్కమారైనను పంపి, పని ముగిసిన సాయంవేళ చికిత్స జరిపింపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. ఒకమారు నేర్పినదానిని రోగి ఇంటనే చేసికొనగలడు. సరిచూచు మనిషి యుండిన చాలును.