తెర మీద విమానం సరే, నడిపినవారి మాట దక్కేదెలా?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు యుద్ధ కథలు కొత్త కావు. రెండవ ప్రపంచ యుద్ధం నేపథ్యంగా 2015లో ‘కంచె’, జలాంతర్గామి కథతో 2017లో ‘ఘాజీ’, వైమానిక దళం కథతో 2024లో ‘ఆపరేషన్ వాలెంటైన్’ వచ్చాయి. తెర మీద విమానం లేస్తే హాలంతా ఈలలే. అయితే నిజంగా విమానాలు నడిపి రిటైరైన వారు ఈ జంటనగరాలలోనే ఉన్నారు. వారి అనుభవాలను పదిలపరిచే పని చిత్రసీమ తలకెత్తుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

హైదరాబాదుకూ విమానానికీ సంబంధం నిన్నటిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ వారి 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరాయి. ఆ దళం పేరులో హైదరాబాదు చేరింది. వాటిలో ఒకటి 1918లో జర్మనులకు చిక్కి, తరువాత పోలెండ్ చేరి, చివరకు లండన్ మ్యూజియంలో భద్రమైంది. 1945లో ఇక్కడ దక్కన్ ఎయిర్‌వేస్ వెలిసి డకోటాలు నడిపింది. 1953లో జాతీయం అయింది. హైదరాబాదులో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ బర్మా రంగంలో హరికేన్ నడిపి, 1978లో వైమానిక దళాధిపతి అయ్యారు. ఆయన 2018లో కన్నుమూశారు.

విమానాన్ని మ్యూజియంలో నిలబెట్టవచ్చు. దానిని నడిపిన తీరు మాత్రం మనిషితోనే పోతుంది. టైగర్ మాత్‌కు మీట నొక్కితే ఇంజను తిరగదు. ముందున్న పంకాను ఒకరు చేత్తో విసరాలి. నేల మీద దాని ముక్కు పైకెత్తి ఉంటుంది గనుక పైలట్‌కు ఎదుటి దారి కనపడదు. అటూ ఇటూ వంకరగా నడుపుతూ పక్కనుంచి చూసుకోవాలి. లాగ్ పుస్తకంలో తేదీ, విమానం, గంటలు ఉంటాయి. ఆ గంటలలో గుండె ఎలా కొట్టుకుందో చెప్పగలిగినది పైలట్ ఒక్కడే.

ఇక జాప్యం పనికిరాదు. 1971 యుద్ధంనాటి ఇరవై ఏళ్ల కుర్రవారు నేడు డెబ్బై దాటారు. 1965 నాటి వారు ఎనభైలలో ఉన్నారు.

సైనిక విషయాలు బయటపెట్టరాదని కొందరు అనవచ్చు. నిజమే, రహస్యాల జోలికి పోనక్కరలేదు. శిక్షణ, భయం, తోటివారి మరణం, ఇంటికి రాసిన ఉత్తరాలు చాలు. ఖర్చు మాటకు వస్తే కెమెరాలు, మైకులు, రికార్డింగ్ గదులు ఫిల్మ్‌నగర్‌లో ఉన్నన్ని మరెక్కడ ఉన్నాయి? సెట్టు ఖాళీగా ఉన్న ఒక పూట ఇచ్చినా ఒక జీవితం దక్కుతుంది. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి, టి.యు.-142 విమానం 2017 నుంచి జనానికి చూపుతున్నారు. వాటి పక్కన తెలుగులో ఈ మాటలు వినిపిస్తే పిల్లలకు ఎంత మేలు!

యుద్ధ కథలతో కాసులు, పేరు సంపాదించిన చిత్రసీమకు ఇది దానం కాదు, బాకీ. నిర్మాతలు, స్టూడియోల యజమానులు, మాజీ సైనికుల సంఘాలు ఒకచోట కూర్చుని ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.