పడిన షేరల్లా చవక కాదు

"సగానికి పడింది గురూ, ఇంకెంత పడుతుంది" అంటూ దెబ్బతిన్న సూపర్‌మార్కెట్ షేర్లు కొనే మన ఐటీ మిత్రులకి ఓ మాట. టెస్కో సంగతి చూడండి.

ఆల్డీ, లిడ్ల్ తక్కువ రకాలు పెట్టి, ఎక్కువగా సొంత బ్రాండ్లే అమ్మి బ్రిటన్‌లో ధరలు దించేశాయి. టెస్కో కూడా దించితే మార్జిన్ పోతుంది, దించకపోతే కస్టమర్ పోతాడు. 2014లో అర్ధ సంవత్సర లాభం అంచనాని సుమారు 25 కోట్ల పౌండ్లు ఎక్కువ చేసి చూపించామని తనే ఒప్పుకుంది. అంతటి బఫెట్టే పన్ను పోను 44.4 కోట్ల డాలర్లు వదులుకుని బయటపడ్డాడు.

తర్వాత కోలుకుంది కదా అంటారు. నిజమే, కానీ 2015లో ఆపిన డివిడెండ్ మళ్ళీ ఇచ్చింది 2017లో. అందాకా మీ ఈఎంఐ ఆగుతుందా?

బ్రాండు పేరు కాదు బాబూ, కిలో పప్పు అమ్మడానికి వాడికయ్యే ఖర్చు చూడండి. అది పక్కవాడికన్నా ఎక్కువైతే, ఆ షేరు ఎంత పడినా ఖరీదే.