ఆ ఊరు కట్టింది అబ్బాయి కాదండీ!

మా ఇంటికొచ్చినవాళ్ళు ముందుగదిలో బల్లమీద తిరిగే బుల్లి రైలు చూసి, "మీ అబ్బాయి ఎంత బాగా చేశాడండీ!" అంటారు. అబ్బాయి చేసిందల్లా స్విచ్ నొక్కడం. అదీ పదిరోజులే. ఆ తర్వాత బ్యాటు పట్టుకుని వీధిలోకి పోయాడు. మా తమ్ముడు విదేశం నుంచి తెచ్చిన ఆ రైలుని అటకమీంచి దింపి, దాని చుట్టూ ఊరు కట్టింది నేను.

"ఈ వయసులో రైలాటేమిటి వదినా?" అంది మా ఆడపడుచు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినప్పుడు మనం చేసేదేమిటట? అద్దంముక్క చెరువు, పచ్చరంగు అద్దిన రంపంపొట్టు గడ్డి, పళ్ళెంలో మొలిపించిన ఆవాలు చేను. ఇదే పని మగవాళ్ళు చేస్తే హాబీ, మనం చేస్తే పండగపని!

అన్నీ కొనుక్కోవచ్చుగా అంటారు. రైలు కొనాల్సిందే, నిజమే. ఊరు మాత్రం కొనకండి. దొరికే ఇళ్ళ సెట్లు ఎక్కువగా యూరప్, అమెరికా ఇళ్ళవి. మంచు జారిపోయే ఏటవాలు కప్పులు, పొగగొట్టాలు. పసుపు బోర్డుమీద నల్ల అక్షరాల్లో ఊరిపేరు, వేపచెట్టు కింద సిమెంటు బెంచీ, టీకొట్టు... ఇవి మనమే చేసుకోవాలి.

దీనికి డబ్బుకన్నా కొలత ముఖ్యం. నా రైలు 'హెచ్‌ఓ' సైజు, అంటే అసలులో 87వ వంతు. ఏడడుగుల తలుపు 24 మిల్లీమీటర్లకు కాస్త పైన. అయిదడుగుల మూడంగుళాల నేను 18 మిల్లీమీటర్లు! జాకెట్టు కత్తిరించడం వచ్చినవాళ్ళకి ఇదో లెక్కా? అయితే అన్నీ లెక్కప్రకారం కుదరవు. 24 పెట్టెల రైలు అర కిలోమీటరు దాటుతుంది. 87వ వంతు చేసినా దాని ప్లాట్‌ఫారం ఆరు మీటర్ల పైమాటే. అంత గది మనకెక్కడిది? నాలుగు పెట్టెలతో సరిపెట్టాను. తలుపుల దగ్గర మాత్రం రాజీ పడలేదు. అవి పెద్దవైతే స్టేషన్ పిచ్చుకగూడులా కనిపిస్తుంది.

గోడలకు మిఠాయిపెట్టెల అట్ట. అట్టపెట్టె పైకాగితం తడిపి ఒలిస్తే లోపలి ముడతలు బయటపడతాయి, అదే రేకుల కప్పు. కొండకి పాత పేపర్లు, ఉడికించిన మైదా జిగురు. అందులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు, కానీ అది విషం, పిల్లలకీ వంటగిన్నెలకీ దూరంగా ఉంచండి. పట్టాల మధ్య కంకర దగ్గర రెండుసార్లు ఓడిపోయాను. జల్లించిన ఇసుకమీద ఫెవికాల్ పోస్తే ఉండలు కట్టింది. ముందు సబ్బునీళ్ళు చిలకరించి, తర్వాత నీళ్ళు కలిపిన ఫెవికాల్ చుక్కచుక్కగా వదిలితే లోపలిదాకా ఇంకింది.

ఇంట్లో అసలు గొడవ ఆ బల్ల గురించే. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. "చుట్టాలొస్తే ఎక్కడ కూర్చుంటారు? విప్పి మంచంకింద పెట్టెయ్" అన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు. కొలువు ఏటా పెట్టినట్టే ఏటా విప్పాను. ఇది విప్పను. టీవీకి శాశ్వతంగా చోటుంది, స్కూటరుకుంది, ఇల్లాలి చేతిపనికి ఉండకూడదా? నెలరోజులు మొహం ముడుచుకున్న మనిషి ఇప్పుడు సిగ్నల్ స్తంభాలకి వైర్లు కలిపిపెడుతున్నారు.

ఆడపిల్లలకి రంగుపెన్సిళ్ళతోపాటు స్టీలు స్కేలు, కట్టరు కూడా కొనిపెట్టండి. మొన్న ఎదురింటి ఏడోక్లాసు పాప వచ్చి, "ఆంటీ, ప్లాట్‌ఫారంమీద ఆడవాళ్ళెవరూ లేరేం?" అనడిగింది. చూస్తే నిజమే! రైలుతోపాటు వచ్చిన ఆరుగురూ టోపీలు పెట్టుకున్న మగవాళ్ళే. ఇన్నాళ్ళూ నాకే తట్టలేదు. ఇద్దరం కూర్చుని సన్నతీగ, ఎం-సీల్‌తో అరటిపళ్ళమ్మే ఆవిణ్ణి చేశాం. చీర అంచుకి పాప వాళ్ళమ్మ నెయిల్‌పాలిష్ తెచ్చింది. గంప కొలత తప్పి పెద్దదైపోయింది. మళ్ళీ చేద్దామంటే పాప ఒప్పుకోలేదు, "బేరం బాగుంటుందిలే ఆంటీ" అంది.